కదిలే ఇసుకలో బతికే పువ్వు

ఉత్తర కాలిఫోర్నియాలో హంబోల్ట్ అఖాతానికీ పసిఫిక్ మహాసముద్రానికీ మధ్య సన్నటి ఇసుక పట్టీ ఒకటి ఉంది. ఏప్రిల్‌లో అక్కడికి వెళ్లినవారు సాధారణంగా సముద్రాన్ని చూసి వెనక్కి వచ్చేస్తారు. తొలి వరుస దిబ్బ దాటాక, గాలి కాస్త తగ్గిన చోట మోకాళ్ల మీద కూర్చుంటే మాత్రం ఇసుకలో తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క నడుమ పసుపు. మొక్క ఎత్తు జానెడు కూడా ఉండదు. చాలా చోట్ల బొటనవేలంత ఎత్తుకే ఒకే ఒక్క పువ్వు పూసి తన పని ముగించేస్తుంది. దీని శాస్త్రీయ నామం లేయియా కార్నోసా. అక్కడివారు బీచ్ లేయియా అంటారు. ప్రపంచంలో ఇది కాలిఫోర్నియా తీరంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు.

1992లో అమెరికా ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2022లో, ఒక మెట్టు దించి ముప్పు పొంచి ఉన్న మొక్కగా మార్చింది. ఈ రెండు తేదీల వెనకా ఒక విచిత్రమైన కథ ఉంది. దీన్ని అంచుదాకా నెట్టిన వాటిలో ఇళ్లు, రోడ్లు ఎలాగూ ఉన్నాయి. కానీ వాటితో సమానంగా దెబ్బ కొట్టినవి మంచి ఉద్దేశంతో నాటిన మొక్కలు. ఎగిరిపడే ఇసుకను కట్టడి చేయాలని, బీడును పచ్చగా మార్చాలని నాటినవి.

ముందు పువ్వు సంగతి. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు ఉన్న కుటుంబానికి చెందినదే ఇది కూడా. సంక్రాంతికి గొబ్బెమ్మ మీద పెట్టే ముద్దబంతిని విప్పి చూసినవారికి ఈ కుటుంబం గుట్టు తెలిసే ఉంటుంది. రేకు అనుకుని లాగితే దాని అడుగున నల్లటి సన్నటి గింజతో సహా ఊడి వస్తుంది. నిజానికి అది రేకు కాదు, ఒక పూర్తి పువ్వు. మనం ఒక బంతిపువ్వు అనుకునేది పదుల కొద్దీ చిన్న పూలు ఒకే పీట మీద కిక్కిరిసి కూర్చున్న గుత్తి. పాఠ్యపుస్తకాల్లో దీన్నే శీర్షవత్ పుష్పవిన్యాసం అంటారు. పొద్దుతిరుగుడులో ఇది పళ్లెమంత, లేయియాలో చొక్కా గుండీ అంత.

ఆ గుండీని దగ్గరగా చూడాలి. అంచున పొట్టి తెల్ల రేకులు, రెండు మూడు మిల్లీమీటర్లకు మించనివి, కొద్దిపాటిగా ఉంటాయి. ఒక్కో రేకూ ఒక ఆడ పువ్వు. నడుమ పసుపు గొట్టాల్లా ఉండే పూలలో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. అసలు విశేషం గింజ దగ్గర మొదలవుతుంది. నడిమి పూల గింజలకు ఈకల్లాంటి తెల్లటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. వృక్షశాస్త్రం దీన్ని కేశగుచ్ఛం అంటుంది. గాలి వీస్తే ఈ గింజ లేచిపోతుంది. అంచు పూల గింజలకు ఆ కుచ్చు ఉండదు. పైగా గుత్తి అడుగున ఉండే పచ్చటి పత్రాలు ఒక్కోటి ఒక్కో అంచు గింజను రెండు అంచులూ మడిచి, తమలపాకులో వక్క చుట్టినట్టు చుట్టేసి ఉంచుతాయి. ఒకే తల్లి, ఒకే గుత్తి, రెండు రకాల సంతానం. ఒకటి ఊరు విడిచి వెళ్లడానికి, ఇంకొకటి ఇంటిపట్టున ఉండడానికి. ఏటా ఆకారం మారే నేల మీద బతికే మొక్కకు ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఊహించడం కష్టం. తల్లి ఉన్న చోటు వచ్చే ఏడు కూడా బాగుంటే చుట్టుపక్కల పడ్డ గింజ గెలుస్తుంది, ఆ చోటు ఇసుక కింద కూరుకుపోతే ఎగిరిపోయిన గింజ గెలుస్తుంది.

కార్నోసా అంటే లాటిన్‌లో కండ కలిగినది అని అర్థం. ఆకులు గంగవాయిలి ఆకుల్లాగా మందంగా, నీరు దాచుకునేలా ఉంటాయి. ఉప్పుగాలి తగిలే చోట బతికే మొక్కల్లో ఇది తరచుగా కనిపించే లక్షణమే. లేయియా అన్న ప్రజాతి పేరు జార్జ్ ట్రాడెస్కంట్ లే అనే ప్రకృతి పరిశీలకుడి గౌరవార్థం పెట్టినది. కెప్టెన్ బీచీ నాయకత్వంలో 1825లో బయలుదేరిన బ్లాసమ్ నౌకలో ఆయన పసిఫిక్ తీరాలు తిరిగారు. ఈ జాతిని మొదట వేరే ప్రజాతి పేరుతో 1841లో వర్ణించినవారు వృక్షశాస్త్రవేత్త థామస్ నట్టాల్. రెండేళ్ల తర్వాత టోరీ, గ్రే అనే మరో ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు దీన్ని లేయియాలోకి మార్చారు.

ఇది ఏకవార్షికం. అంటే ఒక్క ఏడాదిలోపే పుట్టి, పూసి, గింజ కట్టి చచ్చిపోతుంది. కాలిఫోర్నియాలో వానలు మన నైరుతి రుతుపవనాలకు పూర్తిగా ఎదురు కాలంలో, చలికాలంలో, కురుస్తాయి. ఎండాకాలం పొడిగా గడుస్తుంది. కనుక ఈ మొక్క బతుకు మన లెక్కలో రబీ పంట లాంటిది. శరదృతువు చివర నుంచి నడి చలికాలం లోపు మొలకెత్తుతుంది. మార్చి నుంచి జులై దాకా, ప్రాంతాన్ని బట్టి, పూస్తుంది. నేల పూర్తిగా ఎండే లోపు గింజ రాల్చి వెళ్లిపోతుంది. దీని అన్నదమ్ముల్లో ఎక్కువ జాతులకు మరో మొక్క పుప్పొడి అందితే తప్ప గింజ కట్టదు. ఇది మాత్రం సొంత పుప్పొడితో కూడా గింజ కట్టగలదు. పురుగులు వస్తే సరే, రాకపోయినా ఆ ఏడు పూర్తిగా వృథా కాదు. వాన, ఎడం అనుకూలిస్తే ఒకే మొక్క కొమ్మలు వేసి పళ్లెంలా పరుచుకుని వంద గుత్తులు కూడా పూస్తుంది. లేకుంటే ఒక కాడ, ఒక పువ్వు. రెండూ ఒకే జాతి అంటే కొత్తవారు నమ్మరు.

ఇన్ని నేర్పులున్న మొక్క ఎందుకు చిక్కుల్లో పడింది? జవాబు దాని చిరునామాలో ఉంది. సముద్రం అంచున అలలు తడిపే ఇసుకలో అది బతకదు. నిత్యం ఎగిరిపడే ఇసుకలో మొలక కూరుకుపోతుంది. బాగా వెనక, చెట్లూ పొదలూ పట్టిన పాత దిబ్బ మీద దానికి వెలుతురు దక్కదు. ఈ మూడింటికీ మధ్య, ఇసుక కొంచెం కదులుతూ కొంచెం నిలుస్తూ ఉండే చోట, మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ నేల కనిపించే చోట, అది సుఖంగా ఉంటుంది. గాలి గోకి తెరిచిన గుంటల అంచుల్లో, జింకలు నడిచే సన్నటి బాటల పక్కన కూడా మొలుస్తుంది. కొద్దిపాటి అలజడి దానికి కావాలి. మరీ ఎక్కువైతే చస్తుంది, అసలు లేకపోయినా చస్తుంది.

అటువంటి చోటు శాశ్వతంగా ఒకే దగ్గర ఉండదు. ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు పది గజాల అవతల. దిబ్బ జీవంతో ఉన్నంత కాలం ఎక్కడో ఒక చోట అలాంటి మడి కొత్తగా తెరుచుకుంటూనే ఉంటుంది. కాబట్టి ఈ మొక్కను కాపాడటమంటే ఒక మడికి కంచె వేయడం కాదు. మడులను పుట్టించే కదలికను కాపాడటం. సంరక్షణ గురించి సాధారణంగా ఉండే ఊహకు ఇది తలకిందులుగా ఉంటుంది. అందుకే అర్థం కావడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో శాన్‌ఫ్రాన్సిస్కో పడమటి సగం ఇసుక దిబ్బల మయం. ఇప్పుడు ఆ మహానగర పరిసరాల్లో వేలాది తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. సెలవు రోజున గోల్డెన్ గేట్ పార్కుకు పిల్లలను తీసుకెళ్లేవారికి ఆ వెయ్యికి పైగా ఎకరాల పచ్చదనం అడుగున ఉన్నది కదిలే ఇసుకేనని సులువుగా తోచదు. పార్కు తొలి రూపకర్త, ఇంజనీరు విలియం హామండ్ హాల్ ముందున్న సమస్య ఆ ఇసుకను నిలపడం. బార్లీ, చిక్కుడు కుటుంబానికి చెందిన లూపిన్ మొక్కలు, ఆపై యూరప్ తీరాల నుంచి తెచ్చిన ఇసుక గడ్డి అందుకు పనికొచ్చాయి. ఆ గడ్డి 1869 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో అడుగుపెట్టిందని చెబుతారు. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే అది ఘన విజయం. నగరం పెరిగింది, పార్కు పెరిగింది, శాన్‌ఫ్రాన్సిస్కోలో బీచ్ లేయియా కనుమరుగైంది.

ఒకసారి నెగ్గిన ఉపాయం ఊరూరా పాకుతుంది. హంబోల్ట్ అఖాతం దగ్గర ఇదే గడ్డిని 1901లో నాటారు. కలప మిల్లులు, రైలు పట్టాలు ఉన్న చోటికి ఇసుక ఎగిరి రాకుండా ఆపాలన్నది ఆలోచన. 1908లో అక్కడే పొగమంచులో ఓడలను హెచ్చరించే కేంద్రం ఆవరణలో పసుపు పూల లూపిన్ విత్తనాలు చల్లారు. అది కాలిఫోర్నియా మొక్కే, అయితే దక్షిణాన చాలా దూరంలో ఉండేది. ఇక దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఐస్ ప్లాంట్‌ను రైలు కట్టల మీద, రోడ్ల పక్కన వేశారు. అది కండగల ఆకులతో చాపలా పరుచుకుని కింద మరేదీ మొలవనివ్వదు.

ఇందులో లూపిన్ చేసిన పని తెలుగు పాఠకులకు ఇట్టే అర్థమవుతుంది. వరి నాటే ముందు జీలుగో, జనుమో, పిల్లిపెసరో చల్లి, ఎదిగాక కలియదున్నే రైతుకు అది ఎందుకు చేస్తున్నాడో తెలుసు. ఆ మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. లూపిన్ కూడా ఆ కోవదే. పొలంలో అయితే అది వరం. దిబ్బ మీద అదే శాపమైంది. ఇసుక దిబ్బ బీద నేల. ఆ బీదతనమే చిన్న మొక్కలకు కోటగోడ. అంత తక్కువ ఆహారంతో బతకలేని కలుపు అటువైపు రాదు. లూపిన్ ఆకులు రాలి, కుళ్లి, ఇసుకలో నత్రజని చేరగానే ఆ గోడ కూలింది. బయటి నుంచి వచ్చిన బ్రోమ్ గడ్డి వంటి కలుపు మొక్కలు విరగబడ్డాయి. తర్వాతి రోజుల్లో లూపిన్‌ను నరికేసినా ఫలితం సగమే కనిపించింది. కారణం, ఇసుకలో చేరిన సారం అక్కడే ఉండిపోయింది. కింద పేరుకున్న చెత్తాచెదారాన్ని కూడా గీకి తీసేస్తే తప్ప దిబ్బకు మళ్లీ పాత బీదతనం రాలేదు. నేలను సారవంతం చేయడం ఎప్పుడూ మంచిదే అన్న మన నమ్మకానికి ఇంత స్పష్టమైన మినహాయింపు అరుదు.

యూరప్ ఇసుక గడ్డి దారి వేరు. ఇసుక మీద పడి కప్పేస్తే చాలా మొక్కలు చస్తాయి, ఇది మాత్రం ఇంకా జోరుగా పెరుగుతుంది. కప్పిన కొద్దీ భూగర్భ కాండం పైకి సాగి కొత్త పిలకలు వేస్తుంది. ఆ పిలకలు ఇంకా ఇసుకను పట్టి నిలుపుతాయి. ఇలా తీరం పొడవునా ఎత్తైన, నిటారైన గడ్డి గోడ లేస్తుంది. అక్కడి స్థానిక గడ్డి కట్టే దిబ్బ ఇలా ఉండదు. అది పల్చగా, పొట్టిగా, మధ్యమధ్య సందులతో గుట్టలు గుట్టలుగా ఉంటుంది. ఆ సందుల్లోంచి గాలి, ఇసుక లోపలికి వెళ్తాయి. గోడ లేచాక లోపలికి వెళ్లేది ఏమీ లేదు. వెనకనున్న దిబ్బకు ఇసుక అందదు, అక్కడ కొత్త మడులు తెరుచుకోవు, ఉన్నవి పొదలతో నిండిపోతాయి. లేయియా మీద ఎవరూ కాలు పెట్టకపోయినా, ఒక్క మొక్కను పీకకపోయినా, దాని ఇల్లు చుట్టూ నుంచి మూసుకుపోతుంది. దానితోపాటు తెరిచిన ఇసుకలో గూళ్లు తవ్వుకునే ఒంటరి తేనెటీగలు, ఖాళీ ఇసుక మీదే గుడ్లు పెట్టే చిన్న ఉల్లంకి జాతి పక్షులు కూడా చోటు కోల్పోయాయి.

దీన్ని తిప్పికొట్టే పని మొదట గట్టిగా జరిగింది ఆర్కేటా పట్టణం సమీపంలోని లాన్‌ఫియర్ దిబ్బల్లో. ఆ ఇసుక వియోట్ ఆదివాసుల నేల. పక్కనే ఉన్న మా-లెల్ దిబ్బల పేరు వారి పాత గ్రామం నుంచి వచ్చిందే. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో విలియం లాన్‌ఫియర్, హార్టెన్స్ లాన్‌ఫియర్ దంపతులు అక్కడ భూమి కొని, మోటారు బండ్లు తొక్కకుండా కాచుకుంటూ వచ్చారు. 1970ల్లో దాన్ని ఒక ప్రకృతి పరిరక్షణ సంస్థకు అప్పగించారు. తర్వాత అది హంబోల్ట్ అఖాతం జాతీయ వన్యప్రాణి ఆశ్రయంలో భాగమైంది. వాళ్లు కాపాడకపోయి ఉంటే పునరుద్ధరణకు నమూనాగా చూసుకోవడానికి కూడా అసలు దిబ్బ మిగిలేది కాదు.

గడ్డిని తీసే పద్ధతి వినడానికి సులభం. పారతో తవ్వడం, పీకడం. తుంగ పీకిన రైతును అడిగితే అందులోని కష్టం చెబుతాడు. పైన ఉన్నది లాగితే తెగిపోతుంది, కింద మిగిలిన ముక్క మళ్లీ మొలుస్తుంది. ఇక్కడ ఆ కింద ఉన్నది మనిషి లోతు ఇసుకలో ఉండవచ్చు. అందుకని ఒకసారి తవ్వి వదిలేయడం కుదరదు. కొన్ని వారాలకు మళ్లీ వచ్చి కొత్త పిలకను తీయాలి, మళ్లీ తీయాలి. ఆకులు ఎండ నుంచి ఆహారం తయారు చేసుకునే అవకాశమే ఇవ్వకుండా రెండు మూడేళ్లు వెంటబడితే భూమిలోని కాండం దాచుకున్నది ఖర్చయి చస్తుంది. లాన్‌ఫియర్ దిబ్బల్లో ఇలా చేతి పనితోనే, యంత్రాలు లేకుండా, ఆ గడ్డిని తుడిచిపెట్టారు. ఈ పనిని దశాబ్దాలుగా దగ్గరుండి నడిపి, ఫలితాలను శాస్త్రీయంగా నమోదు చేసినవారు పర్యావరణవేత్త ఆండ్రియా పికార్ట్. గడ్డి పోయిన చోట లేయియాను ప్రత్యేకంగా నాటనక్కరలేకపోయింది. పక్క దిబ్బల నుంచి ఎగిరే గింజలకు నేల దొరకడమే చాలింది. చిన్న కుచ్చుకు ఉన్న విలువ అక్కడ తెలిసింది.

దక్షిణాన శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గర్లో ఉన్న పాయింట్ రేయిస్ జాతీయ తీరంలో భారీ యంత్రాలతో ఇసుకను తిరగేసి గడ్డిని లోతుగా పాతిపెట్టే పద్ధతి కూడా వాడారు. విశాలమైన చోట అదే తొందరగా అవుతుంది. మాంటెరే ద్వీపకల్పంలో కొన్ని చిన్న గుంపులు మిగిలాయి. ఇంకా దక్షిణాన, లాస్ ఏంజెలెస్‌కు వాయవ్యంలో, వాండెన్‌బర్గ్ సైనిక రాకెట్ కేంద్రం ఉంది. మన శ్రీహరికోటలాగే అక్కడ కూడా ప్రయోగాల కోసం జనాన్ని దూరంగా ఉంచిన తీరమే మొక్కలకు ఆశ్రయమైంది. అయితే కాపలా సిపాయి ఐస్ ప్లాంట్‌ను ఆపలేడు. అక్కడి గుంపులు చిన్నవి, చెదిరినవి. మొత్తం మీద బీచ్ లేయియాలో అత్యధిక భాగం ఇప్పటికీ హంబోల్ట్ ప్రాంతంలోనే ఉంది.

ఇక చట్టం సంగతి. 1992లో జాబితాకెక్కిన తర్వాత 1998లో దీనికీ మరి కొన్ని తీర మొక్కలకూ కలిపి పునరుద్ధరణ ప్రణాళిక వచ్చింది. హోదా మార్చాలన్న ప్రతిపాదన 2020లో వచ్చి, 2022లో ఖరారైంది. ప్రణాళిక మొదలైననాటి కన్నా ఎక్కువ మొక్కలు, ఎక్కువ గుంపులు ఉన్నాయని, వాటిలో ఎక్కువ భాగం ప్రభుత్వ భూముల్లో భద్రంగా ఉందని అధికారుల వాదన. ఆ వాదనలో భూమి ఎవరిదన్న మాట చిన్నది కాదు. అమెరికా చట్టం జంతువులకూ మొక్కలకూ ఒకే రక్షణ ఇవ్వదు. జాబితాలోని పక్షిని తన సొంత స్థలంలో చంపినా నేరమే. జాబితాలోని మొక్క సొంత స్థలంలో ఉంటే, రాష్ట్ర చట్టం అడ్డు రానంత వరకు, యజమాని దాన్ని పీకినా కేంద్ర చట్టం ప్రకారం నేరం కాదు. పువ్వు నేలతోపాటు ఆస్తిగా లెక్క. అందుకే ఆ దిబ్బ ఎవరి పేరు మీద ఉందన్నదే దాని ఆయుష్షును సగం నిర్ణయిస్తుంది.

లెక్కపెట్టడం మరో చిక్కు. పులులను లెక్కపెడితే ఈ ఏడు వచ్చిన సంఖ్య వచ్చే ఏటికి కూడా కొంత అర్థవంతంగానే ఉంటుంది. ఏకవార్షికం విషయంలో నిరుటి మొక్కల్లో ఒక్కటి కూడా ఈ ఏడు బతికి ఉండదు. సమయానికి వాన పడితే ఒకే దిబ్బ మీద మొక్కలు తెల్లగా పరుచుకుంటాయి, వాన తప్పితే అక్కడే వెతుక్కోవాలి. ఒక మంచి ఏడాది లెక్క చూసి సంతోషించినా, ఒక కరువు ఏడాది లెక్క చూసి బెంబేలెత్తినా పొరపాటే. చాలా ఏళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి, వాటి కన్నా ముఖ్యంగా తెరిచిన ఇసుక ఎంత విస్తీర్ణంలో మిగిలిందో చూస్తేనే నిజం తెలుస్తుంది. 2022 నిర్ణయం ఈ కొలమానంతో చూసినా సమంజసమే. కానీ ఆ నిర్ణయం నిలబడి ఉన్నది పార పట్టిన చేతుల మీద. గడ్డి పీకే పని కొన్నేళ్లు ఆగితే, జాబితాలో హోదా ఏదైనా, గోడ మళ్లీ లేస్తుంది. హోదా తగ్గితే నిధులు తగ్గుతాయేమో అన్న భయం ప్రకృతి ప్రేమికులలో తరచూ వినిపిస్తుంది. అది కొట్టిపారేయాల్సిన భయం కాదు.

ఇదే కుటుంబంలోని మరో ఏకవార్షికాన్ని పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. అమెరికా ఖండాల నుంచే వచ్చిన వయ్యారిభామ తెలుగు నేలంతటా, రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంట, బీడు భూముల్లో, తెల్లటి చిన్న పూలతో విరగబూస్తుంది. అది కూడా చామంతి కుటుంబమే. అదీ ఏటా పుట్టి చచ్చేదే. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, ఊపిరితిత్తులకు, చర్మానికి అలర్జీలు తెస్తుంది. మన చేలగట్ల మీది గడ్డి చామంతి కూడా ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చినదే. మనిషి చెదరగొట్టిన ఏ నేలనైనా ఈ రెండూ స్వీకరిస్తాయి. లేయియా కోరేది గాలి చెదరగొట్టిన ఇసుకను, అందులోనూ బీద ఇసుకను. మనిషి తెచ్చే మార్పు వయ్యారిభామకు పెళ్లిపందిరి, లేయియాకు పాడె. ఇటు హవాయి వైపు చూస్తే ఇంకో దగ్గరి చుట్టం కనిపిస్తుంది. అక్కడి అగ్నిపర్వతాల మీద వెండి ఆకులతో మనిషెత్తు పూకంకి వేసే సిల్వర్‌స్వార్డ్ మొక్కలు, లేయియా ఉన్న ఉపతెగకే చెందినవి. దాదాపు యాభై లక్షల ఏళ్ల క్రితం కాలిఫోర్నియా తీరం నుంచి వేల కిలోమీటర్ల సముద్రం దాటి చేరిన ఒక పూర్వీకుడి సంతతి అది అని జన్యు పరిశోధనలు తేల్చాయి. ఆ వంశంలో ఒకటి అంత దూరం వెళ్లగలిగింది, ఒకటి ఇసుక పట్టీ దాటలేకపోయింది.

మన తీరం దగ్గరికి వస్తే పోలిక జాగ్రత్తగా చేయాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను మింగిన తర్వాత ఆంధ్ర తీరంలో సరుగుడు తోటలు రక్షణ పట్టీలుగా విస్తరించాయి. గాలి వేగాన్ని తగ్గించడానికి, వంటచెరకుకు, పేదల ఆదాయానికి అవి పనికొచ్చాయి. ప్రాణాలు పోయిన చోట చెట్టు నాటినవారిని తప్పు పట్టలేం. అయినా ఒక సంగతి గమనించదగ్గది. సరుగుడు కూడా లూపిన్ లాగే వేళ్ల బుడిపెలతో నత్రజనిని నేలకు చేర్చే చెట్టు. దాని సూదుల్లాంటి రెమ్మలు రాలి ఇసుక మీద మందంగా పరుచుకుంటాయి. ఆ పరుపు కింద రావణాసురుడి మీసాలు, బాలబంద తీగ వంటి మన ఇసుక మొక్కలకు చోటు ఉండదు. ఇవి కూడా ఇసుకను పట్టి నిలిపేవే, అయితే కదలికకు సందు వదిలి నిలిపేవి. మన దిబ్బల మీద ఏ చిన్న ఏకవార్షికాలు ఉన్నాయో, సరుగుడు నీడలో అవి ఏమవుతున్నాయో చూడటం వృక్షశాస్త్ర విద్యార్థులకు మంచి పని. ఊరికి రక్షణ కావాల్సిన చోట తోట, అవసరం లేని చోట తెరిచిన దిబ్బ అని విడదీసి ఆలోచించడానికి కాలిఫోర్నియా అనుభవం పనికొస్తుంది.

అక్కడ కూడా ఈ విభజన సులువుగా జరగడం లేదు. దిబ్బ వెనక రోడ్డు, ఇళ్లు ఉన్న చోట ఇసుకను వదులు చేస్తామంటే స్థానికులు భయపడటం సహజం. మరోవైపు సముద్రమట్టం పెరుగుతోంది. గడ్డి గోడ కోతకు గురైతే నిట్టనిలువుగా విరిగిపడుతుంది. కదిలే దిబ్బకు మాత్రం ఇసుకను వెనక్కి పంపుకుంటూ తానూ వెనక్కి జరిగే వీలుంది, వెనక చోటు ఉంటే. ఆ చోటు మిగిలిన తీరాల్లో లాన్‌ఫియర్ దిబ్బలు ముందు వరుసలో ఉన్నాయి. అక్కడ నడకదారి దాటి ఇసుకలోకి అడుగు పెట్టవద్దని సందర్శకులకు చెబుతారు. ఏప్రిల్‌లో ఆ మాట మీరినవారి పాదం కింద నలిగేది సరిగ్గా ఈ మొక్కే.

గడ్డి తుడిచిపెట్టామని చెప్పుకున్న చోట కూడా పని ముగిసిపోలేదు. పక్క తీరాల్లో ఇంకా ఉన్న గడ్డి నుంచి తుఫాను అలలకు కాండం ముక్కలు తెగి, కొట్టుకొచ్చి, ఒడ్డున పడి వేళ్లూనుతాయి. అందుకని పారలు పట్టుకున్న మనుషులు ఏటేటా ఒడ్డు వెంట నడిచి, కొత్తగా లేచిన పిలక కనిపించిన చోట వంగి, అది గోడ కాకముందే తవ్వి తీస్తున్నారు.